జగన్నాధం మావ చెయ్యెత్తితే

మా జగన్నాధం మావ ముందు ఇంగ్లీషు మాట వాడి బయటపడ్డవాడు లేడు. ఎంతటివాడు మాట్లాడుతున్నా సరే, చెయ్యెత్తి "అంటే ఏటి?" అంటాడు. చెప్పిన అర్థంలో ఇంకో ఇంగ్లీషు మాట దొర్లితే దానికీ అదే ప్రశ్న. ఆయనది శృంగవరపుకోటలో విత్తనాల కొట్టు. నాకు పిల్లనిచ్చిన మావ కాబట్టి తప్పించుకునే దారి నాకసలే లేదు.

ఓసారి ఎల్‌ఈడీ బల్బులమ్మే ఆయన కొట్టుకొచ్చి, "ఇవి వాడితే మీ కార్బన్ ఫుట్‌ప్రింట్ తగ్గుతుందండీ" అన్నాడు.

మావ తన పాదాలకేసి చూసుకున్నాడు. "నాను బొగ్గులో కాలెట్టనేదే?"

పాపం, ఆయన మన కరెంటు కోసం ఎక్కడో కాలే బొగ్గు, దాని పొగ, వేడెక్కే భూమి అంటూ గంటన్నర చెప్పాడు. మావ రెండు బల్బులు కొన్నాడు. ఆయన మళ్లీ మా వీధిలో కనబడలేదు.

2016లో నేను పనిచేసే సంస్థ కొండకింద ఊరి బడిలో సభ పెట్టింది. రైతుల చెట్లు పీల్చుకునే పొగను లెక్కగట్టి, కార్బన్ క్రెడిట్లుగా ఫ్యాక్టరీలకు అమ్మి, రైతులకు వాటా ఇచ్చే పథకం. మా ఆఫీసరు ధనరాజ్ గారు చెబుతున్నారు. నేను ఒప్పంద కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. చూద్దును కదా, ముందు వరసలో తన కొట్టుకొచ్చే రైతుల మధ్య మావ!

"దీన్నే ఆఫ్‌సెట్ అంటారు..."

"అంటే ఏటి?"

"ఫ్యాక్టరీ వదిలిన పొగకి బదులు మీ చెట్టు పొగ పీలుస్తుందన్నమాట."

"అంటే ఆడు బోయినం సేత్తే నాను ఉపాసముండాలా?"

సభంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. వేలిముద్ర వెయ్యడానికి సిరా రాసుకున్న ఆ ఊరి రైతు లక్ష్మణమ్మ కూడా నవ్వుతూ కాగితం మీదికి వంగింది.

"చివరి షరతు పర్మనెన్స్" అన్నారు ధనరాజ్ గారు గబగబా.

"అంటే ఏటి?"

"చెట్లు నిలిచి ఉండాలి."

"ఎన్నాళ్లు?"

ఆయన గొంతు కాస్త తగ్గించి, "ముప్ఫై ఏళ్లు" అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి. లక్ష్మణమ్మ వేలు వెనక్కి తీసేసుకుంది. "అలగైతే నా సరుగుడు కొట్టుకోకూడదా బాబూ? నాలుగేళ్లకోపాలి ఆ కలపే కదా నాకు కూడూ గుడ్డా!"

ఆ రోజు ఒక్క వేలిముద్రా పడలేదు.

మర్నాడు కొట్టుకెళితే మావ బల్ల మీద మా ఒప్పందం నకలు కనిపించింది. వారం కిందట నేనే చదవమని ఇచ్చాను. అంచుల నిండా పెన్సిలుతో తెలుగు అర్థాలు. 'పర్మనెన్స్' కింద రెండు గీతలు.

"మావా, నీకన్నీ ముందే తెలుసా? మరి సభలో ఆ గోలేమిటి?"

"నాకు తెలిత్తే సాలదేటి? లక్ష్మణమ్మకి తెలవాల. ఆవిడడిగితే నవ్వుతారని సిగ్గు. నన్ను సూసి నవ్వితే నాకేటి పోనాది?"

ఆ మాట ధనరాజ్ గారికి చెప్పాను.  నెల తిరిగేసరికి ఆయన సరుగుడును తీసేసి, పథకాన్ని ఎవరూ కొట్టని జీడితోటలకే పరిమితం చేస్తూ తెలుగులో కొత్త కాగితాలు వేయించారు.

రెండో సభలో ముందు వరసలో లక్ష్మణమ్మ కూర్చుంది; సరుగుడుతో పాటు ఆవిడకి కాస్త జీడితోట కూడా ఉంది. ధనరాజ్ గారు నోరు తెరిచారో లేదో లేచింది. "ఇదిగో బాబూ, మొన్నటి తుపానులాంటిదొచ్చి సెట్లు కూలిపోతే తప్పెవులిదని ఇందల రాయనేదేటి?"

ధనరాజ్ గారు నుదురు తుడుచుకున్నారు. వెనకాల ఇంకో ఇద్దరు లేచారు. నేను మావకేసి చూశాను. ఆయన కండువా దులుపుకుని, మెల్లగా టీ తాగడానికి బయటికెళ్లిపోతున్నాడు.