గార్డు పెట్టె పక్కన పెట్టే బోర్డు

మా ఊరి స్టేషన్ ముందు పాత గార్డు పెట్టెను దిమ్మె మీద నిలబెట్టి రంగు వేశారు. గూడ్సు బండి చివర గార్డు కూర్చునే పెట్టె అది. పక్కన పెట్టే బోర్డు కోసం ఊరి చరిత్ర రాసిమ్మని వాట్సాప్ గ్రూపులో నన్ను అడిగారు. బళ్ళో వ్యాసాలు బాగా రాసేవాణ్ణి, ఆ పాపం ఇంకా వదల్లేదు.

ఈ పరాయి దేశంలో నేను పనిచేసే జురాంగ్ ఐలాండ్ ప్లాంటు నుంచి ఇంటికొచ్చే కంపెనీ బస్సులో ఫోన్‌లోనే రాసేశాను. ఆవిరి ఇంజన్ల షెడ్డు వచ్చింది, దాని చుట్టూ క్వార్టర్లు, క్వార్టర్ల కోసం బజారు. డీజిల్ వచ్చాక షెడ్డు మూశారు, జనం తలో దిక్కూ పోయారు. ప్లాంటులో షిఫ్టు రిపోర్టు రాసినట్టే రాశాను. మనసులో ఏమీ కదల్లేదు.

నాన్న పోయాక అమ్మను ఇక్కడికే తెచ్చుకున్నాను. ఆంగ్ మో కియోలో మా ఫ్లాట్‌కి వచ్చి ఆమెకు చదివి వినిపించాను.

"మీ నాన్న మాటేదిరా?" అంది.

నాన్న గూడ్సు గార్డు. బండి మా క్వార్టర్ దాటేటప్పుడు పెట్టెలోంచి పచ్చజెండా ఊపేవాడు. గార్డుల ఇళ్ళన్నిట్లో అదే అలవాటు, జెండా చూశాకే ఆడవాళ్ళు లోపలికి వెళ్ళేవాళ్ళు. నాకు పదేళ్ళప్పుడు ఓ మధ్యాహ్నం జెండా ఊగలేదు. అమ్మ హడలిపోయి స్టేషన్‌కి పరిగెత్తింది. "మా ఆయనకేదో అయింది, బండి ఆపించండయ్యా!" అని స్టేషన్ మాస్టరు కాళ్ళ మీద పడింది. తర్వాతి స్టేషన్లో ఆపి చూస్తే నాన్న నిద్రపోతున్నాడు. వరసగా మూడు డ్యూటీలు చేసి ఉన్నాడు, ఆ సంగతి ఎవరూ అడగలేదు. గార్డు పని తీసేసి గోడౌన్‌లో గుమాస్తాగా వేశారు. బళ్ళో నన్ను నిద్ర గార్డు కొడుకనేవాళ్ళు. నాన్న మాత్రం అమ్మను ఒక్క మాట కూడా అనలేదు. ఆయన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు.

"ఒక్క ముక్క రాయరా నాయనా. నిద్రపోయాడనే రాయి. మూడు డ్యూటీలు చేశాడని కూడా రాయి. నా నోటితో ఆయన ఉద్యోగం ఊడగొట్టాను. ఇన్నాళ్ళకైనా ఊళ్ళోవాళ్ళకి తెలియనీ."

"బోర్డులో చోటు లేదమ్మా."

"సరేలే, వాళ్ళ బోర్డు వాళ్ళిష్టం" అని అన్నం వడ్డించడానికి లేచింది.

చోటుంది. ఊళ్ళో ఆ మాట మళ్ళీ లేవడం నాకిష్టం లేదు, అంతే. సిగ్గుపడాలని తెలుసు, సిగ్గు రాలేదు. రాసింది రాసినట్టే పంపేసి, చెయ్యి కడుక్కుని ఆమె పెట్టిన కంచం ముందు కూర్చున్నాను.