దేవదానం సారు అబద్ధమాడలేదు

మా పెద్దనాయన, చిట్కుల్ బడి పూర్వ ఉపాధ్యాయులు దేవదానం సారు గత సోమవారం ప్రాతఃకాలాన ప్రభువు పిలుపు అందుకున్నారు. నేను గంజి కాచి, చల్లార్చి, లేపుదామని చేయి పట్టుకుంటే ఆ చేయి గంజి కన్నా ముందే చల్లబడి ఉంది. ముందురోజు సాయంత్రం వార్తాపత్రికలో ఒక మంత్రిగారి ప్రసంగం చదివి, ఎర్ర సిరాతో నాలుగు చోట్ల తప్పులు దిద్ది నా ముందు పెట్టిన మనిషి తెల్లవారేసరికి లేరంటే నమ్మటానికి నాకు రెండు రోజులు పట్టింది.

శవపేటిక వాకిట్లో ఉండగానే, గుమికూడిన వారిలో ఎవరో వెనక వచ్చిన వారికి చెప్పారు, “తియ్యనీళ్ల సారు పోయిండు” అని. విన్నవారు తల వంచుకున్నారు. వంచిన ముఖాలలో చిరునవ్వు నాకు కనబడింది. ఆ పేరు ఈ ఊరు ఆయనకు కట్టిన అబద్ధీకుడి బిరుదు. తన బావి నీళ్లు మందుల కార్ఖానా వల్ల చెడ్డాయని బొంకి, చర్చి సంఘమంతా చూస్తుండగా పట్టుబడ్డాడని దాని అర్థం. ఆయన బొంకలేదు. ఆ పేరు ఆయనతో పాటు సమాధిరాయి కిందికి పోవటానికి నేను ఒప్పుకోను. మన సంఘ పత్రికకు ఇది అందుకే రాస్తున్నాను. చదివి ఎవరికైనా మనస్తాపం కలిగితే కలగనివ్వండి.

నేను బడి గడప తొక్కినదాన్ని కాను. మా అమ్మ మంచం పట్టిన ఏడు నాకు ఆరేండ్లు. బడి విడిచాక పెద్దనాయన మా ఇంటికి వచ్చి, నేను పొయ్యి దగ్గర కూర్చుంటే పక్క గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసేవారు. అన్నం ఉడికేలోపు నాలుగు మాటలు. అలా నాకు చదవటం వచ్చింది, వాక్యం అర్థమయింది, ఇప్పుడు ఈ కలం చేతికి వచ్చింది. పడుకోబోయే ముందు ఆ దినం పొందిన మేళ్లను ఒక్కొక్కటిగా తలచుకొని స్తుతించటం కూడా ఆయన నేర్పిందే. ఆయన పేరు చెప్పకుండా ఆ ప్రార్థన నేను ఒక్కనాడూ ముగించలేదు. ఈ వారం మాత్రం చిట్కుల్ సంఘం పేరు నా నోటికి రావటం లేదు. ఉన్నమాట చెబుతున్నాను.

ఆయనకు ప్రతి వస్తువు మీదా ఒక అభిప్రాయం ఉండేది. మా పక్కింటి లాజరు మామ, సంఘపెద్ద, పట్నం నుంచి ట్రాన్సిస్టరు తెచ్చి మెడకు వేసుకొని పొలానికి పోతుంటే ఊరంతా వెంట నడిచింది. పెద్దనాయన అరుగు దిగలేదు. “అది మాట్లాడుతది గని వినది. మనిషిలో సగమే అది, చెడ్డ సగం” అన్నారు. అయినా వార్తల వేళకు పెద్దనాయన లాజరు మామ ఇంటి గోడ పక్కన, ముఖం ఇటు తిప్పుకొని నిలబడి ఉండేవారు. లోపలికి వచ్చి కూర్చోమంటే “నేను వింటలేను, గాలికి నిలవడ్డ” అనేవారు. తెల్లవారి ఆ వార్తలన్నీ తప్పుపట్టేది ఆయనే.

యూరియా బస్తాలు వచ్చిన కొత్తలో పక్క పొలాలు ముదురాకుపచ్చగా లేచి అందరి కండ్లు చెదిరాయి. ఆయన తన చెలకలో వేయలేదు. భూమికి సారా తాగిస్తున్నారని, ఇవాళ చిందేసిన భూమి రేపు మంచం దిగదని అన్నారు. ఆ సంవత్సరం ఆయన పంట అందరికన్నా తక్కువ వచ్చింది. నవ్వారు. ఆయన కూడా నవ్వారు, కానీ మాట మార్చుకోలేదు.

ఎన్నికలప్పుడు జీపులో ఎవరు వచ్చినా ఆయనది ఒక్కటే ప్రశ్న. మీరు మా ఊరికి వస్తూ దాటిన వాగు పేరేమిటి అని. ఒక్కరూ చెప్పలేకపోయేవారు. ఒకాయన మాత్రం దండ సర్దుకుంటూ, ఆ వాగు మీద వంతెన కట్టించింది నేనే గద సారూ అన్నాడు. “బిడ్డకు పెండ్లి చేసినవు, పేరు అడుగుడు మరిసినవు” అని పెద్దనాయన లోపలికి పోయారు.

ఇంతమాత్రాన ఆయన కొత్తదనానికి శత్రువని అనుకోవద్దు. విజ్ఞానశాస్త్రమంటే ఆయనకు భక్తి. మనుషులు చంద్రుని మీద కాలుపెట్టారన్న వార్త వచ్చిన వారం సంఘంలో సగంమంది దైవదూషణ అన్నారు, తక్కినవారు కట్టుకథ అన్నారు. ఆదివారం ఆరాధన ముగిశాక ఆయన చర్చి మెట్ల మీద కందిలి వెలిగించి, చుట్టూ నిమ్మకాయ తిప్పుతూ గంటసేపు వివరించారు. చివర ఒక మాట అన్నారు. “చంద్రుని కాడికి పోయినోడు తన నీళ్లు తాను మోసుకపోయిండు. ఆడ దొరకయని వానికి ఎరుక. మనకు ఈడ దొరుకుతయి, అందుకే విలువ ఎరుక లేదు.” అప్పటికి ఆ మాట ఎవరికీ పట్టలేదు.

మా వాగు ఎగువన మందుల కార్ఖానా వచ్చినప్పుడు అందరికన్నా ముందు సంతోషించింది ఆయనే. రోగానికి మందు మన మట్టిలో తయారవుతుందని మురిసిపోయారు. ఊరివాళ్ల నౌకరీ దరఖాస్తులన్నీ తన చేత్తో రాశారు. లాజరు మామ కొడుకుది కూడా. తరువాత ఒక వానాకాలం వెళ్లాక, వాగు ఒడ్డున ఉన్న ఆయన బావిలో నీటి మీద తెట్టు కట్టింది. బర్రె మూతిపెట్టి వెనక్కి తిరిగింది. నారు ఎండ లేకుండానే మాడింది. నీళ్లు చేదితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆయన సంగారెడ్డి కలెక్టరుగారికి అర్జీ రాసి, ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు తీసుకున్నారు. లాజరు మామ ఒక్కడే వేయలేదు.

“కార్ఖానా మూతవడితే మా పిల్లల గతి ఏంది సారూ. దరఖాస్తు రాసిన చెయ్యే గిప్పుడు కడుపు మీద కొడతదా” అన్నాడు.

“మూయమంటలేను లాజరూ. కడిగి ఇడువుమంటున్న” అన్నారు పెద్దనాయన.

ఆ సంవత్సరమే కార్ఖానా మేనేజరు మన చర్చికి కరెంటు పంకాలు దానం చేశారు. పాస్టరు అయ్యగారు ఆయనను కోత పండుగకు ముఖ్య అతిథిగా పిలిచారు. కోత పండుగ సంగతి మీకు చెప్పనక్కరలేదు. మొదటి పంటలో శ్రేష్ఠమైనది ప్రభువు బల్ల ముందు పెడతాం, ఆరాధన ముగిశాక సంఘపెద్ద వాటిని వేలం వేస్తాడు. పంట మాడిన మా పెద్దనాయనకు ఆ ఏడు పెట్టటానికి ఏమీ లేదని నేను లోలోపల కుమిలిపోతున్నాను.

పండుగనాడు పొద్దున్నే ఆయన ఒక మట్టికుండ నా చేతికి ఇచ్చారు. మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది. “మన బావి నీళ్లు. బల్ల ముందర పెట్టు బిడ్డ, నేను ఎనకకెల్లి వస్త” అన్నారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పెద్దవాళ్లను అడిగే అలవాటు నాకు లేదు. పేదరికంలో నీళ్లయినా అర్పిస్తున్నారనుకున్నాను. దారి పొడుగునా కుండలోంచి ఆ వాసన నా తల మీదుగా దిగుతోంది. లోపమున్నది దేవుని ముందు పెట్టరాదని, కుంటి గొర్రెనూ గుడ్డి గొర్రెనూ తేరాదని నాకు నేర్పింది ఆయనే. ఆయన అర్పణ అపవిత్రం కాకూడదు, నలుగురిలో ఆయన తల వంగకూడదు అనుకున్నాను. చర్చి వెనక ఆ నీళ్లు పారబోశాను. బూడిదతో కుండ మూడుసార్లు తోమాను. చర్చి బావి నుంచి మంచినీళ్లు చేది నింపి, అదే గుడ్డ కట్టి, బల్ల ముందు గుమ్మడికాయల నడుమ పెట్టాను. పెట్టి మోకరించి, ఈ మంచిపని చేయించినందుకు ప్రభువుకు వందనాలు కూడా చెప్పాను.

వేలం సగంలో పెద్దనాయన లేచారు. ఆ కుండను తానే ఎత్తి మేనేజరుగారి ముందు పెట్టి, ఇది తన పొలం ఈ ఏడు ఇచ్చిన ప్రథమఫలమని సభకు చెప్పారు. అప్పుడు అర్థమయింది నేనేం చేశానో. నోరు తెరవవలసిన క్షణం అదే. సంఘమంతా మగవాళ్ల వైపూ ఆడవాళ్ల వైపూ నిండి ఉంది. నేను లేవలేదు.

“సాబ్, మీ కార్ఖానా కిందికెల్లి వచ్చిన నీళ్లు ఇవి. గ్లాసెడు తాగున్రి. మీరు తాగగలిగితే దేవుని ముందర చెప్తున్న, ఈ నీళ్ల ముచ్చట నేను మళ్ల ఎత్త.”

గుడ్డ ఇంకా విప్పకముందే మేనేజరుగారు రుమాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన చేయి చాచలేదు, అది మీరు కూడా చూశారు. లాజరు మామ ముందుకు వచ్చి గుడ్డ విప్పి, గ్లాసు ముంచి, కండ్లు మూసుకొని గుటకవేశాడు. కండ్లు తెరిచాడు. ఇంకో గుటక వేశాడు.

“తియ్యగున్నయి సారూ” అన్నాడు.

ముందు ఎవరూ నవ్వలేదు. తరువాత మేనేజరుగారు రుమాలు మడిచి జేబులో పెట్టుకొని, గ్లాసు అందుకొని తాగి, బాగున్నాయని తల ఊపారు. అప్పుడు నవ్వారు. దేవుని మందిరంలో, ప్రభువు బల్ల ముందు, తమ బిడ్డలకు అక్షరం నేర్పిన మనిషిని చూసి కడుపు పట్టుకొని నవ్వారు. తమ బావుల్లో కూడా తెట్టు కట్టిందని తెలిసినవాళ్లు నవ్వారు. నా తప్పు ముందు చెప్పాను, తగ్గించి చెప్పలేదు. అయితే నేను మార్చింది ఆ ఒక్క కుండలో నీళ్లనే. మీ ఇంట్లో ఆ ఉదయం మీరు చేదుకున్న నీళ్లను ఎవరు మార్చారు?

మిగిలిన నీళ్లను ఆయన ఇంటికి తెచ్చుకున్నారు. నేను వెళ్లేసరికి పీట మీద కూర్చొని అరచేతిలో పోసుకొని చప్పరిస్తున్నారు.

“చర్చి బావియి” అన్నారు. నేను ఏడుపు ఆపుకోలేక తల ఊపాను.

“కుండ మంచిగ తోమినవు బిడ్డ. వాసన కూడ లేదు.”

అందరికీ చెప్పి వస్తానని లేచాను. కూర్చోమన్నారు. ఓడిపోయినవాడు ఆడపిల్లను అడ్డం పెట్టుకున్నాడంటారు, నిన్నూ అబద్ధీకురాలంటారు అన్నారు. “నేను ఉన్నన్ని దినాలు ఈ మాట నీ నోట్లకెల్లి రావద్దు. నేను నీకు చెప్పకపోవుడు నాది తప్పు. పిల్లలకు లెక్క అప్పజెప్తం గని ఎందుకో చెప్పం. మాస్టర్ల రోగం గది.” ఆ మాట విని నేను కృతజ్ఞురాలిని కాలేకపోయాను. ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మరుసటి వారం ఒక్కొక్కరే వచ్చి అర్జీలో తమ వేలిముద్ర కొట్టేయమన్నారు. ఆయన కొట్టేశారు. ఆ కాగితం సంగారెడ్డి పోలేదు. దేవుని ముందు మాట ఇచ్చినందుకు, ప్రతి వస్తువు మీదా అభిప్రాయమున్న ఆ మనిషి నీళ్ల గురించి మాత్రం చచ్చేవరకు నోరెత్తలేదు. బావులు ఒకటి తరువాత ఒకటి చెడిపోతుంటే, అడగటానికి వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చి, వాన సంగతి మాట్లాడి పంపేవారు. సత్యసంధత అంటే పుస్తకాలలో చదువుకునే మాట అనుకునేదాన్ని. అది ఒక మనిషి గొంతులో ఎముకలా అడ్డం పడి ఉండగా నేను రోజూ అన్నం వడ్డించాను.

మంగళవారం సమాధుల దొడ్డిలో గుంత తవ్వారు. నడుం లోతుకు రాగానే నీళ్లు ఊరాయి. గోధుమ రంగు, పైన నురుగు, అదే వాసన. తవ్వేవాళ్లు ముక్కులకు తువ్వాళ్లు కట్టుకున్నారు. వయసు మళ్లినా లాజరు మామ తానే దిగి డబ్బాతో తోడిపోయటం మొదలుపెట్టాడు. తోడినకొద్దీ ఊరుతున్నాయి. వాసనగా ఉంది, ఇంటికి పో బిడ్డ అన్నాడు నాతో.

“మామా, పండుగనాడు గా కుండల నీళ్లు నేను మార్చిన” అన్నాను.

మామ చేయి ఆగింది. తల ఎత్తలేదు.

“సారుకు ఎరుకనా?”

“ఆ పొద్దే ఎరుక.”

మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్న లాజరు మామ డబ్బా గట్టు మీద పెట్టి, ఇద్దరు చేయి ఇస్తే పైకి వచ్చాడు. వేరే చోట తవ్వుదామని ఎవరో అంటే, ఎక్కడ తవ్వినా ఇవే వస్తాయని చెప్పింది అతనే.

నాకు అక్షరమిచ్చిన చేతులు, ఈ ఊరి దరఖాస్తులన్నీ రాసిన చేతులు, ఛాతీ మీద కట్టి ఆయనను ఆ నీళ్లలోకే దించాము. ఆయన వంటి మనిషి మరొకరు ఈ ఊరికి వస్తారని నాకు ఆశ లేదు. వచ్చినా ఈ ఊరు నవ్వుతుంది. దేవదానంగారు నిత్య విశ్రాంతిలో ప్రవేశించారని అయ్యగారు ప్రార్థన ముగించారు. సంఘమంతా ఆమేన్ అంది. నేను అనలేకపోయాను. ప్రభువు నన్ను క్షమించును గాక. ఆయన విశ్రమించటానికి తడిలేని ఆరడుగుల నేల మనం మిగల్చలేదు.