మా గుడి రాతకంబం

మా గుడికి గోపురం లేదు. గౌలిపురలో మా సందుకు కొత్తగా వచ్చినవాళ్ళు దాని ముందునుంచే నడిచిపోయి, గుడి ఎక్కడని మమ్మల్నే అడిగేవారు. బయటికి సున్నం కొట్టిన గోడ, తల వంచితేనే లోపలికి పట్టే తలుపు, అంతే. పాతకాలంలో గుడి గుడిలా కనబడకపోవడమే మేలనుకున్నారో, కట్టినవాళ్ళ చేతిలో ఉన్నదానికి అంతే అయిందో నాకు తెలియదు. స్వామి దగ్గరికి వంగి రావాలని అట్లా కట్టారని మాత్రం బాపు చెప్పేవారు.

బాపు, అంటే మా నాన్న, ఆ గుడిలో వేణుగోపాలస్వామికి అర్చకులు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను బడికి పోలేదు. నైవేద్యం ఉడికేలోగా పొయ్యి పక్కన కూర్చోబెట్టి బాపు పలక మీద దిద్దించిందే నా చదువు. ఆ నాలుగక్షరాలు పెట్టినందుకు ఆయనకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను.

తలుపు దాటితే మండపం. ముందువరసలో ఆరు టేకు కంబాలు, వాటి నడుమ నవాబుల దేవిడీల్లో ఉన్నట్టు కమానులు. వెనకవరసలో నాలుగు రాతి కంబాలు. చెక్కవి తరువాతి కాలానివి, రాతివి పాతవి. రాతివాటి మీద బొమ్మలేమీ లేవు. కింద చదరం, నడుమ ఎనిమిది పలకలు, పైన మళ్ళీ చదరం. మూడింటికి నిలువునా గచ్చు పూత ఉండేది. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి గానుగలో నూరిన సున్నం అది. ఎండాకాలం చెంప ఆనిస్తే కొత్త కుండలా చల్లగా ఉండేది. వాటి వెనక గర్భగుడి. అక్కడ సున్నమే లేదు, పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. మా గుడి లోపలినుంచి బయటికి పెరిగిందన్నమాట. లోపలికి వేసే ప్రతి అడుగూ వెనకటి కాలంలోకే.

నాలుగో కంబం రాతకంబం. నల్లగా, జిడ్డుగా ఉండేది కాబట్టి దానికి పూత లేదనీ, అక్షరాలు రాతిలోనే చెక్కారనీ అందరం అనుకునేవాళ్ళం. బావి తవ్వించి మండపం కట్టించిన ఏడు గౌలి ఇళ్ళవాళ్ళ, అంటే పాలవాళ్ళ, పేర్లు అందులో ఉన్నాయని మా తాతగారు బాపుకు చెప్పారట. పాలవాళ్ళ ఆడవాళ్ళు శుక్రవారం శుక్రవారం స్వామికి పాలు పోసి, ఆ కంబానికి నూనె రాసి పసుపు కుంకుమ పెట్టేవారు. కొత్తకోడలిని ముందు దానికే మొక్కించేవారు. అందరికంటే పెద్దావిడను మేము పాలవ్వ అనేవాళ్ళం. ఆమె దాన్ని "మా తాత" అనేది. చదువు రాని ఆమె వేలితో ఒకచోట తాకి, "గిదే మా ఇంటి పేరు" అని కోడళ్ళకు చూపేది. అది అక్షరమో గాటో ఎవరికీ కనబడేది కాదు. పసుపు అంత మందంగా పేరుకుపోయింది.

యాభైల చివర్లో, వానలు వెనకబట్టాక, లాల్‌దర్వాజా వైపునుంచి సందును వెడల్పు చేస్తారని కొలతల గొలుసులు పట్టుకుని సర్కారు మనుషులు వచ్చారు. వాళ్ళు గీసిన ఎర్రగీత గర్భగుడి గడప ముందునుంచి పోయింది. మండపం మొత్తం గీతకు అవతల పడింది. బాపు అర్జీ పెట్టారు. పాత రాతలు చదివే పెద్దమనిషి ఒకరు వచ్చి చూస్తారనీ, కంబం మీద రాత పాతదని ఆయన రాసిస్తే గీత పక్కకు జరుగుతుందనీ, లేకపోతే మండపం పోతుందనీ జవాబు వచ్చింది. ఆ రోజునుంచి బాపు అన్నం సరిగా తినలేదు.

ఆ పెద్దమనిషి వచ్చే ముందురోజు బాపుకు జహనుమాలో ఒకరింట్లో వ్రతం ఉంది. పోతూ పోతూ, కంబం మీది పసుపు తడిగుడ్డతో కొంచెం తీసిపెట్టమని నాకు చెప్పారు.

తడిగుడ్డకు ఏమీ రాలేదు. కుంకుడు రసం పోస్తే జిడ్డు కదిలింది గానీ పసుపు కదలలేదు. స్వామివారి ఇత్తడి, రాగి తోమేది నేనే. ఎంత నల్లబడిన పళ్ళెమైనా చింతపండు పట్టిస్తే తెల్లారిన ఆకాశంలా అయ్యేది. రాయి ఇత్తడికంటే గట్టిదే కదా అనుకున్నాను. చిక్కగా పులుసు పిసికి కంబానికి పట్టించి, దండకం చదువుకుంటూ కొబ్బరిపీచుతో రుద్దాను. సన్నగా నురగ లేచింది. మురికి విడుస్తోందని సంతోషపడ్డాను. పైన "శ్రీ" కనబడింది. స్పష్టంగా, బాపు పలక మీద రాసినట్టే. ఎంత పొంగిపోయానో చెప్పలేను. చదువుతూ కూర్చోలేదు. మొత్తం బయటపడ్డాక బాపుతోనే మొదట చదివించాలని ఇంకా పులుసు పట్టించాను, ఇంకా రుద్దాను. ఆపైన రెండు బిందెల నీళ్ళు పోశాను.

నీళ్ళతోపాటు తెల్లటి బురద జారి నా పాదాల దగ్గర నిలిచింది. కంబం ఉత్త రాయి అయి నిలబడింది. నున్నగా, మూగగా. ఆ కంబానికీ పూత ఉండేది. అక్షరాలన్నీ ఆ గచ్చులోనే ఉన్నాయి. చింతపులుసు సున్నాన్ని తింటుందని, వంటింట్లోనే పెరిగిన నాకు, ఆ పూట తోచలేదు.

బాపు వచ్చి చూశారు. కంబం చుట్టూ తిరిగారు. వంగి ఆ బురదను వేలితో తీసి వాసన చూశారు.  పోయి స్నానం చేసి సాయంత్రపు ఆరాధనకు కూర్చున్నారు.

మరునాడు వచ్చిన పెద్దమనిషి తురకాయన. తెల్లటి షేర్వానీ, చేతిలో కాగితాల చుట్ట. చెప్పులు బయటే విడిచి, తల వంచి లోపలికి వచ్చాడు. సందులోని పాలవాళ్ళందరూ మండపంలో నిలబడ్డారు. ఆయన కంబాన్ని అరచేత్తో మెల్లగా తడిమాడు, రోగిని తడిమినట్టు.

"ఈడ గచ్చు ఉండె పంతులుగారు. నిన్నో మొన్ననో పోయింది. ఎవరు తీసిండ్రు?"

నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. బాపు ఇటు చూడలేదు.

"కడగమని నేనే చెప్పిన సాబ్. తప్పు నాదే."

ఆయన మిగతా మూడు రాతి కంబాలూ తిరిగి చూశాడు. కంబాల వాలకం పాతదేనని, కానీ వాలకం చూసి కాలం రాసిస్తే పైవాళ్ళు ఒప్పరని అన్నాడు. అఫ్సోస్, అఫ్సోస్ అని విచారపడుతూ కాగితాల చుట్ట విప్పకుండానే వెళ్ళిపోయాడు. పాలవ్వ మాత్రం కదలలేదు.

"మా తాతల పేర్లు కడిగి మోరీల పోస్తివా అయ్యా? ఇగ నీ గంట నువ్వే కొట్టుకో" అంది.

బాపు చేతులు జోడించారు. అబద్ధం ఆడని మనిషి ఆయన. నా తప్పు మోయడానికి కూడా ఆయనకు అబద్ధం అవసరం కాలేదు.

తాతగారు చెప్పిన ఏడు పేర్లను బాపు నాచేత కాగితం మీద రాయించాలనుకున్నారు. మూడే గుర్తొచ్చాయి. ఆ సంగతి తెలిసి పాలవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, మా ముత్తాత పేరు రాయండి, మాది రాయండి అన్నారు. ఆయన రాయనివ్వలేదు. ఎరుకలేని పేరు దేవుని దగ్గర పెట్టనని అన్నారు. దాంతో మిగిలిన నాలుగు ఇళ్ళవాళ్ళూ ముఖం చాటేశారు. ఆ మూడు పేర్లలో పాలవ్వ ఇంటిది లేదు.

కార్తీకం వెళ్ళాక మండపం విప్పారు. చెక్క కంబాలను బండ్లలో వేసుకుపోయారు. గచ్చు పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. రాతి కంబాలను తాళ్ళతో పడగొట్టారు. ఎప్పుడూ దీపం వెలుగులోనే ఉన్న స్వామి మీద పొద్దుటి ఎండ నేరుగా పడింది. ఆ వెలుతురులో బాపు ముసలివారని మొదటిసారి తెలిసింది. సడక్ దుమ్ము పడకుండా ఆయన గడపకు ఒక చాప కట్టారు.

నాలుగు రోజులకు పాలవ్వ వచ్చింది. బాపు లోపల మంత్రం చెబుతున్నారు. ఆమె కంబం ఉన్నచోట మట్టిలో కూర్చుని నన్ను పిలిచింది.

"నువ్వు గదా ఎప్పుడు గీడ్నే ఉంటవ్. పోకముందు సూసినవా బిడ్డా? మా తాత పేరు ఉండెనా?"

ఉందని ఒక్కమాట అంటే ఆమె ప్రాణం కుదుటపడేది. నోటిదాకా వచ్చింది. లోపల బాపు గొంతు వినిపిస్తోంది.

"నేనే కడిగిన అవ్వా. బాపు కాదు. చింతపండుతోని రుద్దిన. శ్రీ ఒక్కటే సూసిన."

ఆమె నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ళ సందుల్లో సున్నం తిన్న పగుళ్ళు ఇంకా మానలేదు.

"సదువొచ్చినదానివి. ముందుగాల సదివి, ఎనుక కడగొద్దా బిడ్డా" అంది.

కోపంగా అనలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, గోడ ఉండేచోట గోడ కోసం చెయ్యి చాచి, లేదని గుర్తొచ్చి, మెల్లగా సడక్ దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గుడికి రాలేదు. అంత మాట అనేటప్పుడు కూడా నన్ను బిడ్డా అనే పిలిచింది. ఆమె పోయి ఇన్నేళ్ళయినా ఆ పిలుపుకు నేను రుణపడే ఉన్నాను.