గుమ్మం బయట విడిచిన ధైర్యం

పెళ్లిచూపులకు వెళ్లి కాఫీ ఒలకబోసుకున్నవాళ్లను చూశాను. పిల్ల పేరు మరిచిపోయి నీళ్లు నమిలినవాళ్లనూ చూశాను. పెళ్లికూతురి చేత పీటదెబ్బ తిని బతికి బయటపడ్డవాణ్ణి మాత్రం అద్దంలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీ ఇంట్లో కరెంటు పని చేసేవాళ్లుంటే వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి.

డెబ్బైల నాటి మాట. నేను బెజవాడ భవానీపురంలో ఎలక్ట్రీషియన్ని. పాతికేళ్లు నిండలేదు గానీ పొగరు మాత్రం హైటెన్షను. కరెంటు ఉండగానే వైరు పట్టుకోవడం మొనగాడితనమని నా నమ్మకం. ఫ్యూజు పీకి పని చేసేవాళ్లంటే, ఈతకు భయపడి గట్టున కూర్చున్నవాళ్లంత చులకన.

"ఫ్యూజు పీకి జేబులో వేసుకుని ఏడవరా!" అని మా మేస్త్రీ రోజూ మొత్తుకునేవాడు.

"కరెంటుకు నేను అలవాటైపోయాను మేస్త్రీ" అనేవాణ్ణి. అదేదో నేను పెంచుకున్న కుక్కయినట్టు!

అప్పుడే ఉయ్యూరు సంబంధం వచ్చింది. పిల్ల పేరు సలోమి. ఫోటో చూసిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించలేదు. అయితే ఒక చిక్కు. పిల్ల తండ్రి దేవదానంగారి తమ్ముడూ నాలాగే ఎలక్ట్రీషియన్. చేలో మోటారు బాగుచేస్తూ, కరెంటు ఆపకుండా చెయ్యిపెట్టి, అక్కడికక్కడే పోయాడు. కరెంటు పని చేసేవాడికి పిల్లనిచ్చేది లేదని వాళ్లు తెగేసి చెప్పారు. మా అమ్మ బతిమాలి బామాలి, "మావాడు ఫ్యూజు పీకందే వైరు ముట్టుకోడు వదినగారూ" అని ఒట్టేసి ఒప్పించింది. పాపం, అది నిజమేననుకుంది. అలా నమ్మించింది నేనే.

మంచి ఎండాకాలం. రబ్బరు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లాం. చుట్టాలకు చల్లగా ఉంటుందని గచ్చు మీద అప్పుడే నీళ్లు చల్లారు. పాదాలకు ప్రాణం లేచొచ్చింది. ఆ తడిని కాస్త గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

పిల్లను పిలిచే ముందు ప్రార్థన చేద్దామన్నారు వాళ్ల పాస్టరు అయ్యగారు. అందరం నిలబడి కళ్లు మూసుకున్నాం. ఆయన ఆదాముతో మొదలుపెట్టారు. నోవహు ఓడ దగ్గరికి వచ్చేసరికి ఫ్యాను ఆగిపోయింది.

ఒక కన్ను తెరిచాను. రెగ్యులేటరు నా భుజం పక్కనే గోడకు ఉంది. లోపల వైరు ఊడి ఉంటుంది. ఆమేన్ అనేలోగా ఫ్యాను తిప్పేస్తే ఎలా ఉంటుంది? కళ్లు తెరిచేసరికి చల్లగాలి! అల్లుడి పనితనానికి మామగారు మురిసిపోరూ? మెయిను వసారాలో ఉంది. వెళ్లి ఆపొచ్చు. కానీ కాబోయే అత్తగారిని పక్కకు జరగమనాలి. పైగా నేనెవర్ని? కరెంటుకు అలవాటైపోయినవాణ్ణి.

పెన్నుకు బదులు జేబులో పెట్టుకుని తిరిగే టెస్టరు తీసి మూత విప్పాను. అయ్యగారు అబ్రాహాము దాకా వచ్చారు. ఊడిన వైరును వేళ్లతో పట్టుకున్నాను. ఆ తర్వాత అదే నన్ను పట్టుకుంది.

"ఆ... ఆ... ఆ..." అన్నాను.

"స్తోత్రం!" అన్నారు దేవదానంగారు, కళ్లు తెరవకుండానే.

"ఆ... ఆ... ఆ...!"

"కుర్రాణ్ణి పరిశుద్ధాత్మ ఆవరించింది! స్తోత్రం!" అంటూ అయ్యగారు గొంతు పెంచారు.

"మావాడికి చిన్నప్పట్నుంచీ భక్తి ఎక్కువేనండీ" అంది మా అమ్మ పరవశంగా.

నవ్వండి, పర్వాలేదు. నాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు. నా వాళ్లంతా చుట్టూ ఉండగా, ఒక్కరికీ తెలియకుండా పోతున్నానని అర్థమైంది. అంత భయం మళ్లీ ఎన్నడూ ఎరగను.

ఇంతలో లోపలి గది కర్టెను ఎగిరింది. మోచేతి మీద ధన్‌మని ఒక దెబ్బ! నోరా వీపుకు తేకే అంటారు. నాకు వేళ్లు మోచేతికి తెచ్చాయి. వెళ్లి మైసూర్‌పాకు పళ్లెంలో పడ్డాను. చూస్తే, చెక్కపీట పట్టుకుని సలోమి. ఫోటోలో కంటే బావుంది.

"మెయినాపండి నాన్నా!" అని అరిచి ఏడుపందుకుంది.

దేవదానంగారు మెయిను ఆపి వచ్చి, మూత విప్పిన రెగ్యులేటరును చూశారు. "ఏం బాబూ, ఫ్యూజు పీకలేదా?"

"రోజూ ఇలాగే చేస్తానండీ. ఎప్పుడూ ఏం కాలేదు" అనేశాను. మా అమ్మ వేసిన ఒట్టు ఆ మాటతో గంగలో కలిసింది.

ఆయన తడి గచ్చునూ, నా ఉత్తి కాళ్లనూ చూశారు. "రోజూ చెప్పులేసుకుని చేస్తావా?"

"అవునండీ."

"మా తమ్ముడూ ఇదే మాటనేవాడు. ఓ రోజు తడిచేలో చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. నీ ధైర్యం గుమ్మం బయటుంది నాయనా, వేసుకుని వెళ్లిరా."

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తల దించుకుని గుమ్మం వైపు నడిచాను. అప్పుడు అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"ఆగండి దేవదానంగారూ. ప్రార్థనలో అందరం కళ్లు మూసుకున్నాం కదా. మరి అమ్మాయికెలా కనపడిందంటారు?"

సలోమి మొహానికి పీట అడ్డం పెట్టుకుంది. "ఊరికే... కర్టెను సందులోంచి ఫ్యాన్ని చూస్తున్నానండీ."

"ఆగిపోయిన ఫ్యాన్నా తల్లీ?"

అందరూ నవ్వారు, దేవదానంగారు తప్ప. సలోమి పీట దించి ఆయన వైపు చూసింది.

"బాబాయి పక్కన ఆ రోజు ఎవరూ లేరు నాన్నా. ఈయన పక్కన నేనుంటాను."

ఆయన కళ్లు తుడుచుకుని, "ఆ పీట కూడా పట్టుకెళ్లమ్మా" అన్నారు.

పెళ్లినాడు చర్చిలో "మరణము మమ్మును ఎడబాపు వరకు" అని ప్రమాణం చేశాను. అయ్యగారు పుస్తకం ముయ్యలేదు. "ఫ్యూజు పీకకుండా ఆ మరణమును తొందరపెట్టనని కూడా చెప్పు నాయనా" అన్నారు.

చర్చి నిండా జనం. కుడిచెయ్యి ఎత్తి గట్టిగా చెప్పాను: "ఏ ఇంటనైనను, ఏ ఫ్యానుకైనను, ఫ్యూజు నా జేబులో పడనిదే వైరు ముట్టను. ఆమేన్."

"స్తోత్రం!" అంది పక్కనుంచి సలోమి.