ఆయ్, వచ్చేస్తుందండీ

పిన్ని టీచరుగా రిటైరైన వారం, పదకొండు మందిమి కలిసి అమలాపురంలో ఓ ఏసీ హోటల్‌కి భోజనానికి వెళ్లాం. "ఇవాళ నువ్వు గరిట పట్టడానికి వీల్లేదు" అని ఆవిడని బలవంతంగా బయల్దేరదీసింది నేనే.

అందరికీ బిర్యానీలు, పిన్నికి మాత్రం రొయ్యల వేపుడుతో భోజనం చెప్పాం. బిర్యానీలు వచ్చాయి. పిన్ని భోజనం రాలేదు. వడ్డించే ఆయన నాలాగే యాభై దాటిన మనిషి. ఎన్నిసార్లు పిలిచినా వినయంగా వంగి, "ఆయ్, వచ్చేస్తుందండీ" అనేవాడు. మా కోనసీమలో ఆయ్ అంటే మీ మాట విన్నానని అర్థం, పని అవుతుందని కాదు. అది తెలిసీ ప్రతిసారీ నమ్ముతాం. లేదు, కాదు అంటే దెబ్బలాడొచ్చు. ఆయ్ అన్నవాడితో ఏమని దెబ్బలాడతాం?

"మీరు తినేయండర్రా, చల్లారిపోతుంది" అంది పిన్ని. తిన్నాం, సిగ్గులేకుండా. మా ప్లేట్లు ఖాళీ అయ్యాక ఆవిడ భోజనం వచ్చింది, రొయ్యలు లేకుండానే.

నాకు ఒళ్లు మండిపోయింది. హోటల్ యజమానిని కడిగేయాలని మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఇంతలో ఆయనే మా టేబుల్ దగ్గరకి వచ్చి, చేతులు కట్టుకుని, నవ్వుతూ "భోజనాలు బావున్నాయాండీ?" అని అడిగాడు.

"ఆయ్, బావున్నాయండీ" అన్నాను.

నా పక్కన పిన్ని అప్పుడే మొదటి ముద్ద కలుపుకుంటోంది.