చొక్కా అట్ట మీద వాన

నా చిన్నప్పుడు మా ఇంటికి పోస్ట్‌మ్యాన్ వచ్చేవాడు కాదు. బహ్రెయిన్‌లో మాకొచ్చే ఉత్తరాలన్నీ మా నాన్న పనిచేసే కంపెనీ పోస్టుబాక్సులో పడేవి. ఆఫీసులో ఎవరికో తీరిక దొరికినప్పుడు వాటిని తీసేవారు, గురువారం సాయంత్రం నాన్న ఇంటికి తెచ్చేవాడు. అంటే వారానికి ఒక్కసారి నాకు ఆశ పుట్టేది, ఆ ఒక్కసారే అది చచ్చేది. నాన్న సంచి దులిపి చూపించి "ఏం రాలేదు బిడ్డా" అనే ఆ గురువారాలను తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

నేను ఎదురుచూసింది మా అన్న ఉత్తరం కోసం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అమ్మకు సల్మానియా ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చి మేమంతా నాన్న దగ్గరికి వచ్చేశాం. మేమంతా అంటే అన్న తప్ప. తొమ్మిదో తరగతిలో ఉన్నాడు, బడి మారితే చదువు పాడవుతుందని జగిత్యాలలో నానమ్మ దగ్గర ఉంచారు. ఉంటావా అని అన్నను ఎవరూ అడగలేదు. ఆ కోపంతో, శుక్రవారం ఫోన్ చేస్తే అమ్మానాన్నలతో "ఆ", "సరే" తప్ప మాట్లాడేవాడు కాదు. నా వంతు వచ్చేసరికి ఫోన్ నానమ్మ చేతికి ఇచ్చేసి వెళ్ళిపోయేవాడు. పదేళ్ళదాన్ని, నేనేం చేశాను? నన్నూ ఎవరూ అడగలేదు కదా.

మా బిల్డింగ్ కింద ఒక దర్జీ దుకాణం ఉండేది. దాన్ని నడిపే ఆయనది కరీంనగర్, మేం చాచా అని పిలిచేవాళ్ళం. చేతులు పొట్టి చేయమని జనం తెచ్చే కొత్త చొక్కాల మడతల్లో అట్టలుంటాయి చూడండి, ఆయన వాటిని పారేయకుండా పోస్టుకార్డు కొలతకు కత్తిరించి ఉంచుకునేవాడు. రోజుకొకటి తీసి, ఆ రోజు కంటబడినదాన్ని ఇంకు పెన్నుతో గీసేవాడు. ఊడిన గుండీ, దుకాణం ముందు పడుకున్న పిల్లి, ప్యాంటు నడుము వదులు చేయమని వచ్చినవాడి పొట్ట, ఏదైనా సరే. వెనకవైపు ఉర్దూలో రెండు పాదాలు కట్టి రాసి, కరీంనగర్‌లో ఉన్న తన భార్య, అంటే మా చాచీ, పేరూ అడ్రసూ రాసేవాడు. మర్నాడు మధ్యాహ్నం దుకాణం మూయగానే పోస్టాఫీసుకు నడిచేవాడు. జ్వరమొచ్చినా మానేవాడు కాదు. బొమ్మలు మాత్రం ఘోరంగా ఉండేవి. ఆయన పిల్లికీ మేకకీ కొమ్ములే తేడా.

మా అన్న సంగతి విని ఆయనే నాకు ఒక అట్టల కట్ట ఇచ్చాడు. "ఫోన్ల మాట్లాడకుంటే అట్ట మీద మాట్లాడు బిడ్డా. ఒక్క బొమ్మ, రెండు లైన్లు. ఇయ్యాల్టిది ఇయ్యాలనే" అన్నాడు. రోజూ సాయంత్రం నేను తెచ్చి ఇస్తే మర్నాడు తన అట్టతో పాటు పోస్టులో వేస్తానన్నాడు.

మొదటి పది రోజులూ పండగే. స్కూలు బస్సు గీశాను, ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకు గీశాను, విమానాశ్రయం పక్కనుండే అరాద్ వైపు వెళ్తే నెత్తి మీదుగా దిగే విమానం గీశాను. ఆ తరువాత చూడండి నా అవస్థ. గీద్దామంటే గీయడానికి ఏమీ కనబడదు. గీస్తే అనుకున్నదొకటి, కాగితం మీద తేలేది ఒకటి. పద్యం మొదటి పాదం ఎలాగో వచ్చేది, రెండో పాదం మొండికేసేది. చివరికి ఒక ఉపాయం కనిపెట్టి, రెండో పాదంగా రోజూ ఒకటే రాయడం మొదలుపెట్టాను: "అన్నా, ఇక్కడ అంతా మంచిగనే ఉంది." దేనికైనా అతికేది. అమ్మేమో, ఇల్లంతా అట్టముక్కలేనని విసుక్కునేది. ఇంత చేస్తే గురువారం నాన్న సంచి ఖాళీ.

అందుకే ఇంకో తెలివైన పని చేశాను. రోజూ ఏడవడమెందుకని, ఒక శుక్రవారం కూర్చుని వారానికి సరిపడా అట్టలు ఒకేసారి గీసేశాను. తేదీలు కూడా ముందే వేసేశాను. అన్నింటిలోనూ నవ్వే సూర్యుడే. అక్కడ సూర్యుణ్ణి గీస్తే తప్పయ్యే రోజు ఉండదనుకున్నాను. శని, ఆది, సోమవారాల అట్టలు హాయిగా వెళ్ళిపోయాయి.

మంగళవారం వాన పడింది. బహ్రెయిన్ వాన ఎప్పుడో ఒకసారి వస్తుంది, వచ్చిందంటే నీళ్ళు పోయే దారి ఉండదు. వీధి చెరువైంది, కార్లు ఆగిపోయాయి, మమ్మల్ని బడి నుంచి తొందరగా పంపేశారు. సాయంత్రం నేను కట్టలో పైనున్న అట్ట తీసి, చూడకుండానే చాచాకు ఇచ్చాను.

చాచా అట్ట చూశాడు, వీధి చూశాడు, మళ్ళీ అట్ట చూశాడు. "బయట వాన, లోపట ఎండ. గిది ఎప్పుడేసినవ్ బిడ్డా?" అన్నాడు. దొరికిపోయినందుకు సిగ్గు రావాలి కదా, నాకు కోపం వచ్చింది. ఎప్పుడు వేస్తే ఎవడు చూస్తున్నాడని అరిచాను. అన్న వాటిని చింపి పారేస్తున్నాడన్నాను, ఇక నావల్ల కాదన్నాను. నీకు చాచీ జవాబు రాస్తుందా అని నిలదీశాను.

"జవాబా? ఫోన్ల తిడ్తది. పెట్టె నిండింది, ఇగ పంపకు అంటది" అని ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే తన ఆనాటి అట్టను గడప దాటించి కాసేపు వానలో పట్టుకున్నాడు. దాని మీది బొమ్మ సిరా కారి, మేకో పిల్లో తెలియకుండా పోయింది. దాన్ని చొక్కాకు తుడిచి నాకు చూపించాడు. "గిది ఇయ్యాల్టిది. రేపు గిట్లనే చెయ్యమంటే నాతోని కాదు" అన్నాడు. నా అట్ట నాకు తిరిగి ఇచ్చేశాడు. "గిది నేను వెయ్య. ఇయ్యాల నీకు కోపమొచ్చింది గద, గదే గియ్యి పో."

కాళ్ళు టపటపలాడిస్తూ పైకి వచ్చాను. అప్పుడే అమ్మ డ్యూటీ నుంచి చెప్పులు చేతబట్టుకుని తడిసి ముద్దయి వచ్చింది. తల తుడుచుకుంటూ కిటికీలోంచి వాన చూసి, "పోరడు గొడుగు తీస్కపోయిండో లేదో" అంది. వాన మా దగ్గర. అన్న జగిత్యాలలో. ఆ మాట నోరు దాటాక తనకే తెలిసింది కాబోలు, వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ ఏడుపుతోనే గీశాను. గొడుగు లేదు, సూర్యుడు లేడు, తడిసిన చెప్పులు రెండు గీశాను. వెనక పద్యమూ లేదు గిద్యమూ లేదు. "ఇక్కడ వాన పడితే అమ్మ నీ గొడుగు గురించి అడిగింది. రోజూ గీసి నా వేళ్ళు నొస్తున్నాయి. నువ్వు ఒక్క ముక్క రాయవు. నీ మీద నాకు మస్తు కోపంగా ఉంది" అని రాశాను. చాచా దాన్ని తీసుకుని తన తడిసిన అట్టతో కలిపి పెట్టుకున్నాడు.

మరో మూడు గురువారాలు ఉత్తవే పోయాయి. నాలుగో గురువారం నాన్న సంచి దులిపితే నోటుబుక్కు అట్టతో చేసిన కార్డు ఒకటి పడింది. దాని మీద ఒక గొడుగు, పుట్టగొడుగులా ఉంది. మా అన్నకూ బొమ్మలు రావని అప్పుడే తెలిసింది. వెనక ఇలా ఉంది: "నాకు గొడుగు ఉందని అమ్మకు చెప్పు. రోజూ అంతా మంచిగనే ఉందని రాస్తివి. నేను లేకున్నా మీకు మంచిగనే ఉందనుకున్న."

రెండో పాదం కుదరక నేను అతికించిన ముక్క అది. నా బద్ధకాన్ని అన్న అక్కడ ఒంటరిగా కూర్చుని రోజూ చదువుకున్నాడు. ఆ కార్డును అమ్మ తన డ్యూటీ బ్యాగులో పెట్టుకుంది, మళ్ళీ నాకు ఇవ్వలేదు.

ఇప్పుడు మా అత్తింటి పిల్లలంతా నన్ను పెద్దమ్మా అంటున్నారు. అట్టలు మాత్రం ఆగలేదు. వారంలో నాలుగు రోజులు బొమ్మ చెడిపోతుంది, రెండో పాదం ఇప్పటికీ నన్ను సతాయిస్తుంది, శుక్రవారం వస్తే ఆరు ఒకేసారి గీసి పడేద్దామని చెయ్యి దురద పెడుతుంది. అన్న ఇప్పటికీ ఫోన్‌లో ముభావమే. అట్టకు అట్ట మాత్రం పంపుతాడు. ఇవాళ మిక్సీ కాలిపోయింది, నడుము పట్టేసింది, పొద్దున్నుంచి ఎవరితోనూ నాకు పడలేదు. కాలిన మిక్సీ గీశాను. అన్నా, ఇక్కడ ఇవాళ ఏమీ బాగాలేదు అని రాశాను.