మరో అర చుట్టు

మా మేనత్త బిగించిన సీసా మూతను ఈ లోకంలో ఆవిడ తప్ప ఇంకొకరు తీయలేరు. మామయ్య గుడ్డ చుట్టి, పళ్ళు బిగబట్టి, గోడకు వీపు ఆనించి మరీ తిప్పేవాడు. "ఇందులో ఉన్నది కాఫీ పొడా, బంగారమా?" అని వంటింట్లోంచి అరిచేవాడు. ఇక కుళాయిల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏ పని ముగించినా చివర్లో "మరో అర చుట్టు" అనుకుంటూ ఇంకాస్త బిగించడం ఆవిడ అలవాటు. ఆఫీసులో ఆవిడని చాటుగా అరచుట్టు అనే పిలిచేవారు. ఆవిడకీ తెలుసు, పట్టించుకునేది కాదు.

ఇంట్లో నవ్వులాటే గానీ, వేధశాలలో ఆ చేతికి ఎదురు లేదు. ఆవిడ చదివింది రెండేళ్ళ మెషినిస్టు కోర్సు. ఇరవై ఎనిమిదేళ్ళు వర్క్‌షాపులో లేతు ముందు నిలబడింది. నేను అక్కడే ఆఫీసులో టైపిస్టుని. సొంత అత్త కాబట్టి పొగుడుతున్నానని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు, నాకేం నష్టం లేదు.

చివరి ఆరేళ్ళూ ఆవిడ ఒకే ఒక్క పెట్టె మీద పనిచేసింది. చెప్పుల పెట్టె కంటే కాస్త పెద్దది. టెలిస్కోపు వెనక తగిలిస్తే నక్షత్రం కాంతి దానిలోంచి వెళుతుంది. మామూలు కాంతి అన్ని దిక్కులకూ ఊగుతుందట. ధూళి మేఘాలు దాటి వచ్చిన కాంతి మాత్రం ఒక దిక్కుకు కొంచెం మొగ్గుతుంది, నూటికి ఒకటో రెండో వంతు. ఆ మొగ్గు ఎంతో, ఎటో కొలవడం పెట్టె పని. ఇంకా అరుదైన సంగతి ఒకటుంది: ఆ ఊగే దిక్కే గిరగిరా తిరుగుతూ రావడం. మా పెద్దసారు, అంటే ఈ పని తలపెట్టిన శాస్త్రవేత్త, దాన్ని మెలి అనేవాడు. నక్షత్రంలో మెలి కనపడిందంటే అక్కడేదో వింత ఉన్నట్టే.

ఆయన గీసిన బొమ్మని అత్త మూడుసార్లు తిప్పి పంపింది. "సార్, ఇది కాగితం మీద నిలబడుతుంది. రాత్రి టెలిస్కోపు దగ్గరి చలికి నిలబడదు" అంది. లోపల ఒక స్ఫటికపు పలక అదురూ బెదురూ లేకుండా తిరుగుతూ ఉండాలి. దాన్ని పట్టుకునే రింగుని పదకొండుసార్లు చేసింది. పదకొండోదాన్ని వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఊఁ" అంది. ఆ ఒక్క "ఊఁ" కోసం పెద్దసారు ఆరు వారాలు వర్క్‌షాపు గుమ్మం పట్టుకుని వేలాడాడు. చేసిన ప్రతి పనీ, ముట్టుకున్న ప్రతి స్క్రూ పని పుస్తకంలో రాసేది. తుమ్మినా రాస్తుందని మేం ఏడిపించేవాళ్ళం.

ల్యాబులో దీపం ముందు పెట్టి పరీక్షిస్తే మొగ్గు ఉండాల్సినంతే ఉంది. మెలి సున్నా. పెట్టె టెలిస్కోపు ఎక్కింది.

రెండో వారంలోనే ఒక నక్షత్రంలో మెలి కనిపించింది. పెద్దసారుకి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆయన వ్యాసం చేతిరాతలో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వచ్చే గురువారం కమిటీ కూర్చుంటోంది. టెలిస్కోపు వెనక ఆ చోటు తమ కెమెరాకి కావాలని ఇంకో బృందం అడుగుతోంది. ఈ వ్యాసం ఉంటే పెట్టెకి ఢోకా లేదు, లేకపోతే ఆరేళ్ళ కష్టం బీరువా పాలు. నాలుగు నెలల్లో అత్త రిటైరవుతుంది. మళ్ళీ ఇంకోటి చేసే వ్యవధి లేదు.

టైపు చేసిన కాగితాలు అత్తకి చూపించాను, సంబరపడుతుందని. ఆవిడ భోజనం గిన్నె పక్కకి జరిపి రెండుసార్లు చదివింది.

"ఇంత మెలి ఎక్కడిదే?"

"నక్షత్రంలోది. ఇంకెక్కడిది?"

"పెట్టెని పావు చుట్టు తిప్పి మళ్ళీ కొలవమను. మెలి నక్షత్రానిదైతే అలాగే ఉంటుంది. పెట్టెదైతే ప్లస్సు కాస్తా మైనస్సు అవుతుంది."

పెద్దసారు మొదట నీళ్ళు నమిలాడు గానీ, మంచి మనిషి, ఒప్పుకున్నాడు. మంగళవారం పొద్దున్న అంకెలు వచ్చాయి. ప్లస్సు మైనస్సయింది.

ఆ మధ్యాహ్నం పెట్టెని ల్యాబుకి దించారు. పెద్దసారు మొహం చూపించలేక తన గదిలో తలుపేసుకున్నాడు. అత్తా నేనే మిగిలాం. ఆవిడ పెట్టె ముందు, కాంతి లోపలికి వచ్చే గాజు అద్దాన్ని, బిగింపు విప్పకుండానే చట్రంతో సహా ఊడదీసింది. ఒకే దిక్కున ఊగే కాంతిని వదిలే రెండు పోలరాయిడ్ రేకుల మధ్య పెట్టి, దీపానికి ఎదురుగా పట్టుకుంది. ఆ రేకుల్ని ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెడితే వెలుతురు రాకూడదు, అంతా నల్లగా ఉండాలి. గాజు మధ్యలో నల్లగానే ఉంది. దాన్ని పట్టి ఉంచే మూడు స్క్రూలు ఉన్నచోట మాత్రం మూడు తెల్లటి మరకలు మెరుస్తున్నాయి.

"గాజు నొక్కుకుపోయింది" అంది. "నొక్కుకున్న గాజు మొగ్గిన కాంతిని మెలిపెడుతుంది."

"ల్యాబులో సున్నా వచ్చిందిగా?"

అత్త పని పుస్తకం తెరిచి, పెట్టె టెలిస్కోపు ఎక్కిన రోజు పేజీ మీద వేలు పెట్టింది. ఆ అద్దం గురించి అక్కడ ఏమీ లేదు. ఆవిడ నాలుక కరుచుకుంది.

"పైకి తీసుకెళ్ళే ముందు ఎందుకైనా మంచిదని మరో అర చుట్టు బిగించాను. రాయలేదు. అది పని అని కూడా అనుకోలేదే నేను."

వెంటనే నా బుర్ర పనిచేసింది. "అత్తా, ఇప్పుడే వదులు చేసెయ్. చలికి గాజు నొక్కుకుందని చెబుదాం. ఎవరూ అడగరు."

"రేపు ఇంకెవరో బిగిస్తారు. చలి అనుకునే ఊరుకుంటారు."

"నీ పేరు పోతుంది!"

"పోతే పోనీ. ఎప్పుడూ లేనిది ఇప్పుడు పట్టుకు వేలాడాలా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట నిజం, అందుకే ఇంకా మండింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క వ్యాసంలోనూ ఆవిడ పేరు లేదు. అన్నీ టైపు చేసినదాన్ని, నాకు తెలియదా?

గురువారం నేను కమిటీ గది మూలన కూర్చుని రాసుకుంటున్నాను. పెద్దసారు లేచి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. అత్త లేచి నిలబడింది. ఇస్త్రీ చేసిన వర్క్‌షాపు కోటు, చేతిలో ఆ మూడు స్క్రూలు.

"తప్పు సారుది కాదండీ, నాది. పరీక్షలన్నీ అయ్యాక ముట్టుకున్నాను."

చైర్మన్ కళ్ళజోడు తీశాడు. "అయితే మీ పెట్టెని మేం ఎలా నమ్మాలమ్మా?"

"నన్ను నమ్మొద్దు. పావు చుట్టు తిప్పి చూడండి. పెట్టె అబద్ధమాడితే ఆ పెట్టే పట్టిస్తుంది. మొన్న నన్ను పట్టించింది కూడా అదేగా."

గదిలో ఎవరో నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. చోటు మూడు నెలలకి మాత్రం ఇచ్చారు. నేను నా కాగితాల మీద వంగి కళ్ళు తుడుచుకున్నాను. అంత ధైర్యం నాకు ఈ జన్మకి రాదు.

మర్నాడు ఆవిడ ఒక కొత్త స్క్రూడ్రైవరు చేసింది. కావలసినంత బిగియగానే అది జారిపోతుంది, ఇక ఎంత తిప్పినా స్క్రూ కదలదు. దాన్ని గొలుసుతో పెట్టెకే కట్టింది. మూడో నెలలో అదే నక్షత్రాన్ని పెట్టెని నాలుగు వైపులా తిప్పి కొలిచారు. మెలి సున్నా. పెద్దసారు ఆ ఫలితాన్ని మూడు పేజీల వ్యాసంగా రాసి, నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వింత ఏమీ దొరకలేదని చెప్పడానికి మూడు పేజీలు! రాసినవాళ్ళ పేర్లు ఇద్దరివి. రెండోది అత్తది. నా సర్వీసులో ఆ పేరు టైపు చేయడం అదే మొదటిసారి, రెండు అక్షరాలు తప్పు కొట్టాను.

ఆ కాగితం చూపిద్దామని సాయంత్రం వాళ్ళింటికెళితే ఆవిడ ఇంకా రాలేదు. కాఫీ పెడదామని సీసా అందుకుని, అలవాటు కొద్దీ గుడ్డ చుట్టి, బలమంతా పెట్టి తిప్పాను. మూత ఇట్టే ఊడొచ్చింది. పొడి వంటిల్లంతా ఒలికింది. మామయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"మూడు నెలలైందమ్మా, ఇలా వదులుగా పెడుతోంది" అన్నాడు. "నాకే ఇంకా అలవాటు కాలేదు."